ఆఖరి రోజుల మాట ఎత్తాలంటే ఆశా దీదీ ఎందుకు వెనకాడుతుంది

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల తెలుగు ఊళ్లలో ఏ ఆశా దీదీని కాన్పు గురించి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి బిడ్డను చూడాలి, ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. ఏ రోజు ఏం చూడాలో కాగితం మీద ఉంటుంది, చూసినందుకు పారితోషికం ఉంటుంది, వెళ్లకపోతే అడిగే ఏఎన్ఎం ఉంటుంది. అదే వీధి చివర నోటి క్యాన్సర్‌తో మంచం పట్టిన పెద్దాయన ఇంటికి ఎన్నాళ్లకోసారి వెళ్లాలి, వెళ్లి ఏం అడగాలి అంటే మాత్రం ఆమె ఆగిపోతుంది. గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది తాతా" అని పలకరించి, మాత్రలేవైనా ఉంటే అందించి వచ్చేస్తుంది.

ఇది చూసి ఆశాలకు శ్రద్ధ లేదని, చావు మాటంటే మూఢనమ్మకమని తీర్పు చెప్పేవాళ్లున్నారు. అది అన్యాయం. ఊళ్లలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలైన ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవ) కూడా ఉంది, దానిమీద ఆశాలకు శిక్షణ పుస్తకమూ ఉంది. అయినా మాట పెగలకపోవడానికి కారణాలు ఆమె బతుకులోనే ఉన్నాయి, అవన్నీ లెక్కకు నిలిచే కారణాలే.

అన్నిటికంటే పెద్దది నింద. ఆశా ఎక్కడినుంచో వచ్చే ఉద్యోగి కాదు, ఆ ఊరి కోడలు. "ఇక ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు, ఏం చేద్దామనుకుంటున్నారు" అని ఆమె అడిగిన వారానికే ఆ మనిషి పోతే, "దాని నోటి మాటే తగిలింది" అంటారు. ఆ పేరు ఒక్కసారి పడితే ఎక్కడ తగులుతుందో ఆమెకు బాగా తెలుసు. నిండు గర్భిణి ఉన్న ఇంట్లో అడుగు పెట్టనివ్వరు. ఒడిశా పల్లెల్లో జననీ సురక్ష యోజన కింద ఒక కాన్పుకు ఆశాకు వచ్చేది 600 రూపాయలు, అందులో సగం గర్భిణి పరీక్షలకు, సగం ఆస్పత్రికి తీసుకెళ్లినందుకు. పనిని బట్టి డబ్బులొచ్చే మనిషికి పేరు పోవడమంటే చేతికొచ్చే నాలుగు డబ్బులు పోవడమే. పిల్లలకు టీకా వేయించే చేత్తోనే ఈ పనీ చెయ్యమని చెప్పేటప్పుడు, పైవాళ్లు ఈ లెక్క వెయ్యరు.

రెండో కారణం, ఆమెకు నిజంగానే ఏమీ తెలియదు. రోగి బరంపురం మెడికల్ కాలేజీకో, శ్రీకాకుళానికో, విశాఖకో వెళ్లొస్తాడు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. "ఇంటి దగ్గర సపోర్టివ్ కేర్" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది, దాని అర్థం కుటుంబానికే ఎవరూ విప్పి చెప్పరు. ఆశా నేర్చుకున్న పుస్తకం ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో, కొండ మీదికి వెళ్తే సవర గిరిజనుల భాషలో. డాక్టరు నోటి నుంచి రాని సంగతి తన నోటి నుంచి ఎలా వస్తుందని ఆమె భయం. ఆ భయం సబబే.

మూడోది చేతిలో మందు లేకపోవడం. నొప్పితో మూలుగుతున్న మనిషిని "మీ కోరికేమిటి" అని అడిగితే "ముందు ఈ నొప్పి తగ్గించు" అంటాడు. పారాసిటమాల్ తప్ప ఇవ్వడానికి ఇంకేమీ లేనప్పుడు ఆ మాట ఎత్తకపోవడమే మర్యాద అని చాలామంది ఆశాలు అనుకుంటారు. అత్తనో మామనో ఏళ్ల తరబడి మంచంలో చూసుకున్న పెద్ద వయసు ఆశాలకు మాత్రం ఈ సంకోచం తక్కువ. శిక్షణలో కొత్తవాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెడితే స్లైడుల కంటే ఎక్కువ పనికొస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జబ్బు నయం కాదన్న మొదటి మాట ఆశా మీద పెట్టకూడదు. అది డాక్టరు పని, డాక్టరు చెప్పకపోతే ఆరోగ్య మందిరంలో ఉన్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు, అంటే సీహెచ్‌ఓ ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుని, ఇంటికెళ్లి కూర్చుని చెప్పాల్సిన పని. ఆశాకు మిగిలేది మూడు పనులు: ఎవరికి ఈ మాట అవసరమో ముందుగా గుర్తుపట్టడం, వాళ్ల మనసులో ఏముందో వినడం, విన్నది కాగితం మీద పెట్టి సీహెచ్‌ఓకి చేర్చడం. ఈ హద్దు నోటిమాటగా కాకుండా నెలవారీ సమావేశం మినిట్స్‌లో రాసి ఉంటే, రేపు ఊళ్లో ఎవరైనా నిలదీసినా ఆమె వెనక ఒక కాగితం నిలబడుతుంది. చాలామంది వైఖరి అక్కడే మారుతుంది, ఉపన్యాసాలతో మారదు.

గుర్తుపట్టడం ఆశాకు అందరికంటే సులువు. నెల క్రితం బోరింగు దాకా నడిచిన మనిషి ఇప్పుడు వసారా దాటడం లేదా? పగలు సగానికి పైగా మంచంలోనే ఉంటున్నాడా? ఆరు నెలల్లో రెండుసార్లు ఆస్పత్రిలో చేరాడా? జాకెట్టు, చొక్కా వేలాడుతున్నాయా? ఇందులో రెండు కనిపించినా చాలు, సీహెచ్‌ఓకి చెప్పాలి. డాక్టర్లు తమను తాము వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ మనిషి ఏడాదిలోపు పోతే నాకు ఆశ్చర్యం వేస్తుందా? వెయ్యదు అనిపిస్తే మాట మొదలుపెట్టే సమయం వచ్చినట్టే.

మన వైపు ఇంకో తొందర కూడా ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో, దానికి ఆనుకున్న ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. గుట్కా, పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద గుడాకు వల్ల దవడకు వస్తుంది. నోటి క్యాన్సర్లో జబ్బు ముదిరేకొద్దీ నోరు తెరుచుకోదు, మాట ముద్దగా అయి చివరికి పోతుంది. "ఇంకా బాగానే ఉంది కదా, తర్వాత అడుగుదాం" అని వాయిదా వేస్తే, అడిగే రోజుకు ఆమె చెప్పలేదు, కొడుకులు చెప్పిందే ఆమె కోరిక అయిపోతుంది. ఈ జబ్బులో మాట బాగా ఉన్నప్పుడే అడగాలి. తర్వాత రోజులకు తలాడించడం, చెయ్యి నొక్కడం లాంటి సైగలు అప్పుడే ఖాయం చేసుకోవాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు చావు మాట రానే అక్కర్లేదు. నిలబడి మాట్లాడకూడదు, మంచం పక్కన చాపో పీటో వేసుకుని కూర్చోవాలి. "పెద్దమ్మా, ఆస్పత్రిలో డాక్టరు నీకేమని చెప్పారు? నీకేం అర్థమైంది?" అని అడిగి ఊరుకోవాలి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని భరించడం కష్టం, కానీ దాన్ని మనం నింపకూడదు. రెండోసారి: "జబ్బు సంగతులన్నీ నీతోనే మాట్లాడమంటావా, పెద్దాడితో మాట్లాడమంటావా?" కొందరు కొడుకుతోనే మాట్లాడమంటారు. అదీ వాళ్ల నిర్ణయమే, దాన్ని మన్నించాలి. మూడోసారి: "రాత్రిళ్లు పడుకుంటే దేని గురించి దిగులొస్తుంది?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు చావు గురించి తక్కువ ఉంటాయి. పెళ్లి కాని మనవరాలు, తాకట్టులో ఉన్న గొలుసు, సూరత్ మరమగ్గాల్లో ఉన్న కొడుకు సమయానికి వస్తాడా అన్నది. ఆఖరి రోజులు ఎలా గడవాలన్న ప్లాను మొదలయ్యేది అక్కణ్నుంచే.

ఇక్కడ పాడయ్యే చోటు ఒకటే. రోగి "నేనింక లేవనేమో తల్లీ" అన్నప్పుడు ఆశా కంగారుపడి "అలా అనకు, ఏం కాదు, తగ్గిపోతుంది" అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ ఆ ఒక్క మాటతో ఆ పెద్దావిడ నోరు మూసుకుంటుంది, మళ్లీ ఎవరి దగ్గరా తెరవదు. "ఎందుకలా అనిపిస్తోంది పెద్దమ్మా?" అంటే చాలు, మిగతాది ఆమే చెబుతుంది.

ఇంట్లోవాళ్లు గుమ్మంలోనే ఆపి "ఆయనకి చెప్పొద్దమ్మా, బెంగతోనే పోతాడు" అంటారు. వాళ్లతో వాదించొద్దు. "నా అంతట నేను చెప్పను. ఆయనే అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను, సీహెచ్‌ఓ మేడమ్‌ని తీసుకొస్తాను" అని మాటివ్వాలి. తర్వాత, "ఆయన మిమ్మల్ని ఏమడుగుతున్నాడు?" అని వాళ్లనే అడగాలి. ఆయన ఇప్పటికే పాస్‌బుక్కు ఎక్కడుందో అడుగుతున్నాడని, ఫలానా చెల్లెల్ని చూడాలంటున్నాడని అప్పుడు బయటపడుతుంది. ఆయనకు అంతా తెలుసన్న సంగతి వాళ్లకు వాళ్లే పోల్చుకుంటారు.

విన్నది ఒకే పేజీలో పట్టాలి. ఆయన మాట్లాడే తెలుగులోనే రాసి, ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించాలి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే, ఆ ఊరి చుట్టుపక్కల రోగి కాగితం గ్రాంథికంలో ఉంటే ఏం బాగుంటుంది? పేజీలో ఉండాల్సినవి: ఆయన తెలివిలో లేనప్పుడు ఎవరి మాట చెల్లాలి, వాళ్ల ఫోన్ నంబరు, ఎక్కడ ఉండాలనుకుంటున్నాడు, మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే దేనికి వెళ్తాడు, దేనికి వెళ్లడు, ముక్కులో గొట్టం, వెంటిలేటరు లాంటివి కావాలా, ఏ మందు ఎన్ని గంటలకు, అయిపోతే ఎక్కడ దొరుకుతుంది, రాత్రి రెండింటికి ఊపిరాడకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. చివరిదానికి జవాబు ఖాళీగా ఉంటే మిగతా కాగితమంతా వృథా. ఆ గాభరాలో బండి మాట్లాడుకుని బరంపురం దారి పడతారు, ఏ పెద్దాయన ఇల్లు వదలనన్నాడో ఆయన దారిలోనే పోతాడు. కాగితాన్ని ఆస్పత్రి ఫైలున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోటో తీసి దూరాన ఉన్న కొడుకుకు వాట్సాప్ చెయ్యాలి. ఏమీ తెలియకుండా సూరత్ నుంచి రైలెక్కి రోజుకు పైగా ప్రయాణం చేసి దిగిన కొడుకే "సెలైన్ కూడా పెట్టించలేదా" అని అందరి మీదా విరుచుకుపడేది. ఆ కొడుకుకు ముందే తెలియాలి.

ఈ కాగితానికీ సుప్రీంకోర్టు చెప్పిన ముందస్తు వైద్య నిర్దేశ పత్రానికీ (లివింగ్ విల్‌కీ) తేడా ఆశాలకు స్పష్టంగా చెప్పాలి, లేకపోతే చట్టంలో ఇరుక్కుంటామని భయపడతారు. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో కోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది, 2023 జనవరి 24న పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది, అంతకుముందులా మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. అది ముఖ్యంగా ఆస్పత్రిలో ప్రాణం నిలిపే యంత్రాలు పెట్టకపోవడం, తీసేయడం గురించి. దాన్ని అమలు చెయ్యాలంటే రెండు వైద్య బోర్డుల అభిప్రాయం కావాలి. ఇంట్లో ఉంటాను, ఆస్పత్రికి రాను అని తెలివిలో ఉన్న మనిషి చెప్పడానికి ఏ బోర్డూ అక్కర్లేదు. మన పేజీ ఆయన మనసు ఇంట్లోవాళ్లకు, డాక్టరుకు తెలియడానికి మాత్రమే.

మందు దగ్గరికొద్దాం. క్యాన్సర్ నొప్పి ముదిరితే నోటి ద్వారా వేసుకునే మార్ఫిన్ మాత్రే దారి. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆస్పత్రులు నాలుగైదు లైసెన్సుల చుట్టూ తిరగకుండా దాన్ని తెచ్చుకునే వీలు కల్పించారు. అయినా మాత్ర దొరికే చోట్లు తక్కువ, అందుకే ఏ ఆస్పత్రిలో ఉందో సీహెచ్‌ఓ ముందే కనుక్కుని పెట్టుకోవాలి. మోతాదు డాక్టరే రాస్తారు. మామూలుగా 10 మిల్లీగ్రాముల మాత్రలో సగంతో, 4 గంటలకోసారి మొదలవుతుంది, బాగా ముసలివాళ్లకు ఇంకా తక్కువ. ఇంట్లో తప్పిపోయేది ఇలా: నొప్పి వచ్చాకే వేస్తారు, గడియారం చూసి వెయ్యరు, దాంతో ప్రతిసారీ నొప్పి ముందు పరిగెత్తుతుంది. మొదటి రెండు మూడు రోజులు మగత ఉంటుంది, భయపడి ఆపేస్తారు. విరేచనం బిగుసుకుంటుంది, మాత్ర పడలేదనుకుంటారు. మార్ఫిన్‌తో పాటు మొదటి రోజు నుంచే విరేచనం మాత్ర ఉండి తీరాలి, చీటీలో లేకపోతే అడగాలి. "అలవాటైపోతుందేమో" అన్న భయానికి, నొప్పి కోసం డాక్టరు లెక్క ప్రకారం వేసుకునే మనిషికీ మత్తు కోసం వెతుక్కునే మనిషికీ పోలిక లేదని ఆశా ధైర్యంగా చెప్పొచ్చు.

కిడ్నీ చెడినవాళ్ల సంగతి వేరు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనందరికీ తెలుసు, ఆ ఊళ్లకూ మనకూ పెళ్లి సంబంధాలున్నాయి. వాళ్లలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది, చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు అదురుతాయి, లేపినా లేవనంత మగత వస్తుంది. అలా కనిపిస్తే తర్వాతి మాత్ర వెయ్యకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. డయాలసిస్ ఇక వద్దనుకున్న మనిషి సాధారణంగా వారం పది రోజులుంటాడు, మూత్రం కొంత వస్తుంటే ఇంకొన్నాళ్లు. ఆ నిర్ణయం ఆయన తీసుకునేలోపే ఈ లెక్క ఇంట్లోవాళ్లకు డాక్టరు చేత చెప్పించాలి.

నోటి పుండు వాసన వల్ల మనుషులు దగ్గరికి రావడం మానేస్తారు, రోగికి నొప్పి కంటే అదే ఎక్కువ బాధ. అర లీటరు నీళ్లలో ఒక టీ చెంచా ఉప్పు వేసి మరిగించి చల్లార్చి, ఆ నీళ్లతో గుడ్డను బాగా తడిపి ఊడదీయాలి, లాగకూడదు. డాక్టరు సరేనంటే మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లితే కొద్ది రోజుల్లో వాసన తగ్గుతుంది. మెడ దగ్గరి పుండు ఒక్కోసారి ఉన్నట్టుండి నెత్తురు చిమ్ముతుంది. ఆ మాట ముందే చెప్పి, ముదురు ఎరుపో నలుపో తువ్వాళ్లు రెండు మంచం కింద పెట్టించాలి. తెల్ల గుడ్డ మీద నెత్తురు చూసి ఇల్లంతా కేకలు పెడితే ఆ మనిషి చివరి నిమిషాలు ఆ కేకల్లోనే గడుస్తాయి.

ఆచారాల గురించి పుస్తకాలు మాట్లాడవు, మన ఇళ్లలో సగం ప్లాను అదే. ధనిష్ఠ పంచకంలో పోతే నెలల తరబడి ఇల్లు విడిచిపెట్టాలని నమ్మేవాళ్లు, పంచాంగం చూసి మనిషిని ఆఖరి గంటల్లో బయట వసారాలోకో పాకలోకో మారుస్తారు. అద్దె ఇంట్లో ఉంటే ఇంటాయన శవాన్ని లోపల ఉంచనివ్వడు. ఇవి తప్పని చెప్పడం ఆశా పని కాదు. ముందే అడిగి తెలుసుకుంటే, వసారాలో గాలి, వాన కొట్టకుండా టార్పాలిన్ కట్టించి, మంచం అక్కడే అమర్చొచ్చు, కదపడానికి కనీసం అరగంట ముందు నొప్పి మాత్ర పడేలా చూడొచ్చు. తులసి తీర్థం కూడా అంతే. మింగలేని మనిషి నోట్లో చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూదిని తడిపి పిండి పెదాలకు అద్దితే తీర్థం ఇచ్చినట్టే, ఉక్కిరిబిక్కిరీ ఉండదు.

చివరి రెండు మూడు రోజుల్లో తిండి మానడం, చేతులు కాళ్లు చల్లబడటం, ఊపిరి ఆగి ఆగి రావడం, గొంతులో గురగుర సహజం. పక్కకు తిప్పి పడుకోబెడితే గురగుర చాలావరకు తగ్గుతుంది. ఆ సమయంలో ఆర్‌ఎంపీని పిలిచి సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయాసం పెరుగుతుంది. ఆకలి లేకే తినడం లేదు, తినకపోవడం వల్ల చనిపోవడం లేదు అని ఇంటి ఆడవాళ్లకు నాలుగుసార్లయినా చెప్పాలి. వాళ్లకున్న అపరాధభావమంతా ఆ అన్నం ముద్ద దగ్గరే ఉంటుంది.

పెద్దదినం అయ్యాక ఆశా ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి. నింద భయం ఉన్నవాళ్లు సరిగ్గా ఈ ఒక్కటే ఎగ్గొడతారు, వెళ్లకపోవడమే నిందను పెంచుతుంది. వెళ్లి కూర్చుంటే "నువ్వు చెప్పబట్టే కొడుకు చూపు దక్కింది" అన్న మాట కూడా ఆ ఇంట్లోంచే రావచ్చు, ఊళ్లో ఆమెకు అంతకంటే రక్షణ లేదు.

వెళ్లినప్పుడు కాగితాల సంగతీ చూడాలి. మరణం 21 రోజుల్లో నమోదు కావాలి, ఎక్కడ జరిగితే అక్కడే. శ్రీకాకుళం ఆస్పత్రిలో పోతే సర్టిఫికెట్ ఆంధ్రాది, ఇంట్లో పోతే ఒడిశాది. దారిలో బండిలో పోతే బండి మొదట ఆగిన చోటిది, కాబట్టి డ్రైవరును ఎక్కడ ఆపాడో అడిగి రాసుకోవాలి. ఒడిశాలో పేద కుటుంబాల అంత్యక్రియలకు హరిశ్చంద్ర సహాయత యోజన ఉంది, పంచాయతీలో అడగాలి. ఫారం నింపేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త: మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా రికార్డుల్లో చివర రాస్తారు, ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్కులో ఇంకోలా ఉంటే వితంతు పింఛను దగ్గర, బ్యాంకు దగ్గర నెలల తరబడి తిప్పుతారు. ఆ మనిషి బతికుండగానే మన పేజీ పైన పేరును ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టుకుంటే ఫారంలోకి అదే ఎక్కించొచ్చు.